షార్జాలో అద్దె తక్కువే.. మరి దారి ఖర్చు?

ప్రశ్న: నా వయసు 34. హైదరాబాద్ మియాపూర్‌లో ఉంటున్నాం. దుబాయ్ ఇంటర్నెట్ సిటీలోని ఒక కంపెనీ నుంచి నెలకు 16,000 దిర్హమ్‌ల ఆఫర్ వచ్చింది. ఇంటి అద్దె కూడా అందులోనే పెట్టుకోవాలి. సెప్టెంబర్ 1న చేరాలి. భార్య, ఒకటో తరగతిలో చేరాల్సిన పాప ఉన్నారు. ఇక్కడి ఫ్లాట్ ఈఎంఐ రూ.38,000. ఈఎంఐతో కలిపి నెలకు లక్ష రూపాయలు ఇండియాకు పంపాలని నా ఆలోచన. సింగిల్ బెడ్‌రూమ్ ఫ్లాట్‌కు ఏడాదికి షార్జా అల్ నహ్దాలో 40,000, దుబాయ్ అల్ కుసైస్‌లో 65,000, ఆఫీసు దగ్గర బర్షా హైట్స్‌లో 95,000 దిర్హమ్‌లు చెబుతున్నారు. అక్కడే ఉంటున్న మా బావమరిది ‘షార్జాలో ఇల్లు తీసుకుని కారు కొనుక్కో, అందరూ అదే చేస్తారు’ అంటున్నాడు. నిజమేనా? వెంట ఎంత డబ్బు తీసుకెళ్లాలి?

జవాబు: మీ బావమరిది ఆఫీసు షార్జాకు దగ్గర్లోని దేరాలోనో, ఎయిర్‌పోర్ట్ ఫ్రీజోన్‌లోనో ఉంటే ఆయన చెప్పింది నూటికి నూరుపాళ్లు కరెక్టే. మీ ఆఫీసు మాత్రం ఊరికి అటు పక్క ఉంది. షార్జా అల్ నహ్దా నుంచి ఇంటర్నెట్ సిటీకి సుమారు 35 కిలోమీటర్లు. పొద్దున షార్జా నుంచి దుబాయ్ వైపు, సాయంత్రం దుబాయ్ నుంచి షార్జా వైపు ట్రాఫిక్ ఎలా ఉంటుందో ఆయన్నే అడగండి, దాచకుండా చెబుతాడు. షార్జాకూ, కుసైస్‌కూ అద్దెలో తేడా 25,000 దిర్హమ్‌లు కళ్లకు కనిపిస్తుంది. దారిలో పోయేది చిల్లరగా పోతుంది కాబట్టి లెక్కలోకి రాదు. ముందు దాని సంగతి చూద్దాం.

దుబాయ్‌లో టోల్‌ను సాలిక్ అంటారు. ఆగి డబ్బు కట్టే పని లేదు, గేటు కింద నుంచి కారు వెళ్తే చాలు, అకౌంట్‌లో కోత పడుతుంది. 2025 జనవరి 31 నుంచి పనిదినాల్లో పొద్దున 6 నుంచి 10 వరకు, సాయంత్రం 4 నుంచి 8 వరకు గేటుకు 6 దిర్హమ్‌లు, మిగతా సమయాల్లో 4. రాత్రి ఒంటిగంట నుంచి ఆరు దాకా ఉచితం. అందుకే షార్జాలో ఉండేవాళ్లు కొందరు ఆరు కాకముందే మమ్‌జార్ గేటు దాటేసి, ఆఫీసు పార్కింగ్‌లో సీటు వెనక్కి వాల్చి కునుకు తీస్తుంటారు. మీరు ఇత్తిహాద్ రోడ్, షేక్ జాయెద్ రోడ్ మీదుగా వెళ్తే మూడో నాలుగో గేట్లు తగులుతాయి. మూడే అనుకుందాం. రోజుకు 36 దిర్హమ్‌లు, 22 రోజులకు 792. పెట్రోలుకు సుమారు 350, పార్కింగ్‌కు 300, కారు కిస్తీ, ఇన్సూరెన్స్ కలిపి 1,200 వేసుకోండి. నెలకు దాదాపు 2,650 అవుతుంది. ఏడాదికి దాదాపు 32,000. మీరు అద్దెలో మిగుల్చుకున్నది 25,000!

సాలిక్ లేని ఈ311 రోడ్డు మీదుగా వెళ్లొచ్చు కదా అంటారు. వెళ్లొచ్చు. డబ్బు మిగులుతుంది, మీలాగే లెక్కేసుకున్న వాళ్లంతా ఆ రోడ్డు మీదే ఉంటారు. పైగా మన ఇండియా లైసెన్స్ అక్కడ నేరుగా చెల్లదు, టెస్ట్ పాసవ్వాలి. మొదటిసారే పాసైతే సరే, లేకపోతే క్లాసులు, మళ్లీ టెస్టులు అంటూ వేలల్లో ఖర్చు.

ఇప్పుడు కుసైస్ చూద్దాం. అక్కడి నుంచి మెట్రో గ్రీన్ లైన్ ఉంది. యూనియన్‌లోనో, బుర్‌జుమాన్‌లోనో రెడ్ లైన్‌కు మారి ఇంటర్నెట్ సిటీలో దిగాలి. ఇంటి గుమ్మం నుంచి ఆఫీసు కుర్చీ దాకా గంటంపావు పట్టొచ్చు. అంటే టైమ్ ఏమీ పెద్దగా కలిసిరాదు, ఆ భ్రమ పెట్టుకోవద్దు. కాకపోతే గ్రీన్ లైన్ మొదలయ్యేది అటువైపు నుంచే కాబట్టి పొద్దున సీటు దొరుకుతుంది. రెడ్ లైన్‌లో మాత్రం నిలబడాల్సిందే. స్టీరింగ్ పట్టుకుని బ్రేక్ మీద కాలు పెట్టి గడిపే గంటంపావుకూ, దీనికీ తేడా నెల తిరగకుండానే తెలుస్తుంది. ఎన్నింటికి చేరతారో ముందే చెప్పగలరు కూడా. మామూలు సిల్వర్ నోల్ ట్రావెల్ కార్డుతో రెండు జోన్లు దాటిన ప్రయాణానికి 7.50 దిర్హమ్‌లు. రానూపోనూ 22 రోజులకు 330. అన్ని జోన్ల నెల పాస్ 350. కాబట్టి ఆఫీసుకు మాత్రమే వెళ్లొచ్చేవాళ్లకు పాస్ దండగ.

దుబాయ్‌లో అద్దె 65,000 అంటే 65,000తో అయిపోదు. ఏడాది అద్దెలో 5 శాతం హౌసింగ్ ఫీజు ఉంటుంది. అది దీవా కరెంటు, నీళ్ల బిల్లులో నెలనెలా కొంచెం కొంచెంగా కలిసి వస్తుంది. మీ విషయంలో నెలకు 271. ఏజెంటును ‘చిల్లర్ ఫ్రీయా?’ అని, అంటే ఏసీ ఖర్చు అద్దెలోనే కలిసి ఉందా అని అడగడం మరిచిపోవద్దు. చిల్లర్ ఫ్రీ కాకపోతే ఏసీ బిల్లు వేరే కంపెనీకి విడిగా కట్టాలి, జూలై, ఆగస్టుల్లో గుండె గుభేల్‌మంటుంది.

అన్నీ కలిపి కుసైస్‌లో నెల ఖర్చు ఇలా వస్తుంది: అద్దె, హౌసింగ్ ఫీజు 5,690, కరెంటు, నీళ్లు, ఇంటర్నెట్, ఫోన్లకు 900, స్కూలు, బస్సుకు 1,500, తిండికి 2,000, మెట్రో, అప్పుడప్పుడు టాక్సీకి 500. మొత్తం సుమారు 10,600. చేతిలో 5,400 మిగులుతాయి. ఇవే స్కూలు, ఇంటి ఖర్చులతో షార్జాలో కారు పెట్టుకుంటే మిగిలేది 5,600. అంటే ఇంత చర్చా నెలకు 200 దిర్హమ్‌ల కోసం! బర్షా హైట్స్‌లో 2,800 మాత్రమే మిగులుతుంది. దిర్హమ్‌కు 24 రూపాయల చొప్పున లక్ష రూపాయలంటే దాదాపు 4,200 కాబట్టి అది మీకు కుదరదు. వదిలేయండి.

షార్జాలో ఉంటూ కారు కొనకుండా బస్సు, మెట్రోలతో నెట్టుకొచ్చే వాళ్లూ ఉన్నారు. వాళ్లకు నెలకు 2,000 దాకా నిజంగానే మిగులుతుంది. ఒంటరిగా ఉండి, రెండేళ్లు కష్టపడి అప్పు తీర్చేసి వచ్చేద్దాం అనుకునేవాళ్లకైతే నేనూ అదే చెబుతాను. దారిలోనే గంటలు పోగొట్టుకుని పాప ముఖం ఆదివారం ఆదివారం చూసే బతుకు మీకు అక్కర్లేదనుకుంటా. మరో చిక్కు కూడా ఉంది. షార్జా స్కూళ్లకు 2022 నుంచి శుక్ర, శని, ఆదివారాలు సెలవు. మీకు శుక్రవారం ఆఫీసు ఉంటుంది.

మీ లెటర్‌లో లేని చోటు ఒకటి చెబుతాను: డిస్కవరీ గార్డెన్స్. మెట్రో స్టేషన్ ఉంది, ఇంటర్నెట్ సిటీకి రైల్లో ఇరవై నిమిషాల లోపే. మనవాళ్ల కుటుంబాలు చాలానే ఉన్నాయి. పక్కనే ది గార్డెన్స్‌లో సీబీఎస్ఈ స్కూలు ఉంది. ఫీజు మాత్రం ముందే కనుక్కోండి, కుసైస్‌లోని కొన్ని ఇండియన్ స్కూళ్ల కంటే భారమే. అద్దె కుసైస్ కంటే ఎక్కువ, బర్షా హైట్స్ కంటే తక్కువ. 75,000 లోపు మంచి ఫ్లాట్ దొరికితే అద్దె, హౌసింగ్ ఫీజు కలిపి నెలకు 875 అదనం. అయినా 4,500 మిగులుతాయి, మీ లక్ష వెళ్లిపోతుంది, రోజుకు గంటకు పైగా కలిసొస్తుంది. స్కూలు ఫీజు నా 1,500 లెక్కను మరీ దాటిపోకపోతే నా ఓటు దీనికే. లేదంటే కుసైస్.

ఇక డబ్బు సంగతి. అక్కడ అద్దె నెలనెలా కాదు, ఏడాదికి సరిపడా రాబోయే తేదీలు వేసిన చెక్కులు ఒక్కసారే ఇచ్చేయాలి. 65,000 ఇంటికి నాలుగు చెక్కులనుకుంటే మొదటిది 16,250, డిపాజిట్ 5 శాతం, ఏజెంటు కమీషన్ 5 శాతం, దీవా డిపాజిట్ 2,000, ఎజారీ (అద్దె కాంట్రాక్టు) రిజిస్ట్రేషన్, చిన్నాచితకా కలిపి 25,000 దాటుతుంది. అంటే ఆరు లక్షల రూపాయలు. చెక్‌బుక్ కావాలంటే ఎమిరేట్స్ ఐడీ రావాలి, జీతం అకౌంట్ తెరవాలి, ఇవన్నీ కొన్ని వారాల పని. కాబట్టి దిగిన వారంలోనే ఇల్లు చూసేయాలని టెన్షన్ పడొద్దు.

అసలు ఫ్యామిలీని సెప్టెంబర్‌లో తీసుకెళ్లొద్దు. యూఏఈ చట్టం ప్రకారం ప్రొబేషన్ ఆరు నెలల దాకా ఉండొచ్చు, ఆ లోపు కంపెనీ 14 రోజుల నోటీసుతో పంపించేయవచ్చు. మీ ఉద్యోగం పోయినా మీరిచ్చిన చెక్కులు మాత్రం ఓనర్ దగ్గరే ఉంటాయి. ఫిబ్రవరి చివరికి ప్రొబేషన్ అయిపోతుంది, ఇండియన్ స్కూళ్లు ఏప్రిల్‌లో మొదలవుతాయి. ఇంతకంటే మంచి ముహూర్తం ఏముంది? అప్పటిదాకా మెట్రో దగ్గర ఒక రూమ్ తీసుకోండి. కాంట్రాక్టులో మీ పేరు నమోదు చేసే చోటే చూసుకోండి. హాలును చెక్కలతో అడ్డంగా కట్టి ఇచ్చే పార్టిషన్ల జోలికి వెళ్లొద్దు, 2025లో దుబాయ్ మునిసిపాలిటీ వాటి మీద గట్టిగానే పడింది. రూమ్‌కు 3,000, మీ ఖర్చులకు 2,000, ఇంటికి 4,200 పోయినా నెలకు 6,800 వెనకేయొచ్చు. ఆరు నెలల్లో 40,000. ఇంటి అడ్వాన్స్ అంతా అందులోనే వచ్చేస్తుంది, ఇండియాలో పర్సనల్ లోన్ పెట్టాల్సిన పని లేదు. వెంట రెండు లక్షలు ఉంటే చాలు. హౌసింగ్ అలవెన్స్‌ను అడ్వాన్స్‌గా ఇస్తారేమో ఆఫర్ మీద సంతకం పెట్టకముందే హెచ్‌ఆర్‌ను అడగండి. చాలా కంపెనీలు ఇస్తాయి, అడిగితేనే.

ఇల్లు ఖాయం చేసుకునేటప్పుడు, ఉద్యోగం పోతే రెండు నెలల అద్దె కట్టి ఖాళీ చేయొచ్చనే షరతు కాంట్రాక్టులో రాయించుకోండి. నోటిమాట చెల్లదు.

చివరగా, మీ తేదీలకు సంబంధించి ఒక జాగ్రత్త. ఉద్యోగం కోసం దేశం విడిచి వెళ్లేవారు ఆ ఆర్థిక సంవత్సరంలో ఇండియాలో 182 రోజుల కంటే తక్కువ ఉంటే ఎన్‌ఆర్‌ఐ లెక్కలోకి వస్తారు, దుబాయ్ జీతం మీద ఇక్కడ పన్ను పడదు. ఏప్రిల్ 1 నుంచి ఆగస్టు 31 దాకా మీకు ఇప్పటికే 153 రోజులు అయిపోతాయి. కాబట్టి సంక్రాంతికి వచ్చినా, మార్చిలో ఫ్యామిలీని తీసుకెళ్లడానికి వచ్చినా, అన్నీ కలిపి మార్చి 31 లోపు నాలుగు వారాలు దాటకుండా చూసుకోండి. వచ్చిన రోజు, వెళ్లిన రోజు కూడా లెక్కలోకి వస్తాయి.