హైస్కూల్లో లెక్కలు చెప్పే పని రోజూ ఎలా ఉంటుంది?

ఒడిశాలో, ఆంధ్ర సరిహద్దున ఉన్న పర్లాకిమిడి దగ్గర ఒడియా మీడియం బడిలో లెక్కలు చెబుతున్నానండి. నిన్న అందరికీ వచ్చేసిందనుకున్నది ఇవాళ మళ్లీ మొదటికొస్తుంది, రోజూ ఉండేది ఇదే.

తొమ్మిదో తరగతిలో (3+4)² ఎంతని అడిగితే చాలామంది 9, 16 కలిపి 25 అంటారు. సూత్రం కంఠతా వచ్చినవాళ్లు కూడా! అప్పుడు ఏడేసి గళ్ల చదరం గీయిస్తాను. ఒక మూల 9 గళ్లకు, ఎదురు మూల 16 గళ్లకు రంగు వేస్తే, 12 గళ్ల ముక్కలు రెండు ఖాళీగా మిగులుతాయి. "సార్, ఈ 24 వదిలేశాం!" అని వాళ్లే అరిచిన రోజున నాకు అలసటే తెలియదు.

మా వైపు ఇంకో చిక్కుంది. ఇంట్లో తెలుగు, బళ్లో ఒడియా. ఒడియా నాలుగు అంకె ఇంచుమించు 8లా కనిపిస్తుంది. అందుకే జవాబు తప్పితే, లెక్క రాలేదా, అంకె పొరబడ్డారా అన్నది ముందు చూస్తాను. తెలుగులో రెండు ముక్కలు చెబితే తేలిపోయేవి చాలానే ఉంటాయి.

నిజంగా బాధపెట్టేది, భిన్నాలు రాకుండానే తొమ్మిదికి వచ్చేసిన పిల్లలు. పదో తరగతి బోర్డు పరీక్ష తరుముతుంటే వెనక్కి వెళ్లే తీరిక దొరకదు. వరికోతలకు వెళ్లి బడి మానినవాడు తిరిగొచ్చేసరికి పాఠం దాటిపోతుంది. అలాంటివాళ్లను బడిగంటకు ముందు పావుగంట కూర్చోబెడతాను. మీరు ఈ ఉద్యోగంలోకి రావాలనుకుంటే ఆ పావుగంటను ఇప్పుడే లెక్కలో వేసుకోండి.