ఇరవై మూడేళ్ల లెఫ్టినెంట్ దగ్గర నేను నేర్చుకున్నది

"ఇరవై రెండు, ఇరవై మూడేళ్ల కుర్ర ఆఫీసరు తనకన్నా వయసులో పెద్దవాళ్లను కాల్పుల్లోకి ఎలా తీసుకెళ్తాడు, వాళ్లెందుకు వింటారు?" అని అడిగారు కదా. నేను ఆఫీసర్ని కాదు, అలాంటి ఒక కుర్రాడి వెనకాల రేడియో సెట్ మోసినవాణ్ని. నాది ఒడిశా అంచున పర్లాకిమిడి, మహేంద్రతనయ నది దాటితే ఆంధ్రాలో పాతపట్నం. ఇంట్లో తెలుగు, బడిలో ఒడియా, ఫౌజులో హిందీ, రాత కొంచెం కలగాపులగంగా ఉంటే సర్దుకోండి.

2002లో కశ్మీర్‌లో కుప్వారా వైపు ఉన్నాం. మా ప్లాటూన్‌కి కొత్తగా వచ్చిన లెఫ్టినెంట్‌కి మీసం కూడా సరిగ్గా రాలేదు, గొంతు సన్నం, సినిమాల్లోలా అరవడాలు గట్రా ఏం లేవు. ఒక రాత్రి పద్నాలుగు మందిమి గస్తీకి బయల్దేరాం. ఇరవై ఏళ్లు దాటిన సర్వీసున్న మా సుబేదార్ సాబ్ (హోదాలో మాత్రం లెఫ్టినెంట్ కిందే) గట్టు మీదుగా పోదామన్నారు. దూరం తగ్గుతుందని లెఫ్టినెంట్ సాబ్ నాలాలోకి, అంటే కొండల మధ్య వాగులోకి దింపాడు. నాలాలో దిగామంటే పైనుంచి చూసేవాడికి అరచేతిలో ఉన్నట్టే.

పెద్దాయన భయపడ్డట్టే పైనుంచి కాల్పులు. ఒకడికి తొడలో తగిలింది. సాబ్ బండ వెనక నుంచే ఇద్దర్ని గట్టు పక్కకి పంపి, మిగతావాళ్ల చేత అవతలివాడు తల ఎత్తకుండా కవరింగ్ ఫైర్ ఇప్పించి, దెబ్బతిన్నవాణ్ని తనే కాలర్ పట్టుకుని లాక్కొచ్చాడు. ధైర్యం సంగతి సరే, అది చాలామందికి ఉంటుంది. నాకు గుర్తుండిపోయింది ఆ తర్వాతి మాట. నా చేతిలోంచి హ్యాండ్‌సెట్ తీసుకుని కంపెనీ కమాండర్‌కి రిపోర్ట్ ఇస్తూ, "రూట్ తప్పు నాది సార్, సుబేదార్ సాబ్ వద్దనే చెప్పారు" అన్నాడు. ఎవరూ అడగలేదు, పైగా తూటాలు ఇంకా పూర్తిగా ఆగలేదు. పక్కనున్న సుబేదార్ సాబ్ తల తిప్పుకున్నారు. పొద్దున లంగర్ (మా వంటశాల) దగ్గర అందరి ముందూ మళ్లీ అదే చెప్పాడు.

ఆ తర్వాత ఆయన పద్ధతి మారింది. గస్తీకి ముందు నేల మీద పుల్లతో గీసి, రాళ్లు పెట్టి, అందరికన్నా జూనియర్ జవాన్ని మొదట అడిగేవాడు, నువ్వైతే ఎటు పోతావని. సీనియర్ ముందు నోరు తెరిస్తే మిగతావాళ్లు "జీ సాబ్" అనేసి ఊరుకుంటారు (ఆఫీసుల్లోనూ అంతేగా). సుబేదార్ సాబ్ వంతు ఆఖర్న. నిర్ణయం మాత్రం తనదే, ఓట్లేమీ వేయించలేదు. కానీ బయల్దేరేసరికి ఎక్కడికి, ఎందుకు, సాబ్‌కి ఏమైనా అయితే తర్వాత ఎవరు అన్నది పద్నాలుగు మందికీ నోటికొచ్చి ఉండేది. నన్నైతే దారిలో ఆపి మరీ ఎక్కాల్లా అప్పజెప్పించుకునేవాడు.

ఇదంతా ఎందుకంటే, కార్గిల్లో మేజర్ పద్మపాణి ఆచార్య సంగతి చూడండి. 2 రాజ్‌పుతానా రైఫిల్స్, ఒడియా కుటుంబం, స్థిరపడింది హైదరాబాద్‌లో, అందుకే మా ఊళ్లో రెండు భాషల వాళ్లూ మావాడే అంటారు. 1999 జూన్ 28న ద్రాస్ సెక్టార్లో లోన్ హిల్ మీద దాడిలో, గాయాలతో కదల్లేని స్థితిలో, నన్ను వదిలేసి ముందుకెళ్లండని తన మనుషుల్ని ఆదేశించారు. వాళ్లు వెళ్లారు. ఆయనకి మహావీర చక్ర మరణానంతరం వచ్చింది. అలాంటప్పుడు ఆగకుండా ముందుకు ఉరకాలంటే చేయాల్సింది ఏమిటో జవాన్లకి ముందే తెలిసుండాలి కదా. అదే పోరులో పోయిన అదే బెటాలియన్ కెప్టెన్ విజయంత్ థాపర్‌కి 22 ఏళ్లు.

నా మటుకు ఇది పనికొచ్చింది తిత్లీ తుపానప్పుడు, 2018 అక్టోబరులో. మా గజపతి జిల్లాలో ఎక్కడ చూసినా చెట్లు రోడ్డుకి అడ్డం, కరెంటు లేదు. వీధి కుర్రాళ్లు పదిమందిని వేసుకుని కొమ్మలు కొట్టడానికి దిగాను. రిటైరైన హవల్దార్ని, నేను చెప్తే వింటారు, గొడ్డలి ఎత్తేశాను కూడా. ఎందుకో ఆ పుల్ల గుర్తొచ్చి, అందరికన్నా వెనక నిలబడ్డ పదో తరగతి పిల్లాణ్ని అడిగాను, ఎక్కణ్నుంచి మొదలెడదాంరా అని. వాడు మొహమాటపడుతూ, "మావయ్యా, ఆ కొమ్మ కింద వైరుంది. అవతల షాపోళ్లు జనరేటర్ ఆన్ చేసినారు" అన్నాడు.

ఊళ్లో కరెంటు లేకపోయినా జనరేటర్ నుంచి ఆ వైర్లోకి కరెంటు వచ్చి ఉండొచ్చు. గొడ్డలి కింద పెట్టేశాను.