పేరంటం నాటి స్టూలు

చిరంజీవి మేనకోడలికి మామయ్య ఆశీస్సులు.

తెనాలిలోని మన మండువా ఇంటిని పాత ప్లాస్టిక్ కరిగించి చేసిన కుర్చీలతో, బల్లలతో, మంచాలతో నింపి, వచ్చినవారు దూరం నుంచి చూసి పోకుండా వాటి మీదే కూర్చుని, కాఫీ తాగి, కాసేపు అక్కడే కాపురమున్నట్టు గడిపి వెళ్లేలా ప్రదర్శన పెడుతున్నావని మీ అమ్మ చెప్పినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. కాటేదాన్ షెడ్డులో ముప్పయ్యేళ్లు తుక్కు కరిగించిన నా పనిని పనిగా చూసినది ఇంటిల్లిపాదిలో నువ్వొక్కదానివే కనుక గర్వంగానే ఉంది. భయం అంతకంటే ఎక్కువగా ఉంది.

తుక్కును కడిగి బాగా ఆరబెట్టాలని, పీవీసీ గొట్టం ముక్క ఒక్కటి కూడా కలవనీయరాదని, దీపాలను, అగరొత్తులను దగ్గరకు రానీయరాదని నీకు తెలిసే ఉంటుంది. తెలియనిది ఒకటుంది. ఆ ఇంట్లో తొలి ప్రదర్శన నీది కాదు, నాది.

1999 సంక్రాంతికి అమ్మమ్మ పెట్టిన బొమ్మల కొలువు పక్కన, నేను కొత్తగా చేసిన నాలుగు స్టూళ్లను వరసగా నిలబెట్టాను. తెల్లని నూనె డబ్బాలను, ఎర్రని సీసా మూతలను ముక్కలు చేసి నీటి తొట్టెలో వేసి, మునిగినవి పారేసి, తేలినవన్నీ ఒకే జాతి అనుకున్నాను. డబ్బా హెచ్‌డీపీఈ అనే ప్లాస్టిక్, మూత పాలీప్రొపిలీన్ అనే వేరే జాతి. రెండూ నీటికన్నా తేలికే. మొదటిది 130 డిగ్రీల దగ్గర కరుగుతుంది, రెండవదానికి 160 దాటాలి. ముక్కలను వేడితో పలకగా నొక్కే ప్రెస్సును నేను 150 దగ్గర పెట్టాను. తెల్లని పలకలో ఎర్రని చుక్కలు చూసి పేరంటానికి వచ్చిన అమ్మలక్కలందరూ మెచ్చుకుంటే నేను ఉబ్బిపోయాను. వాళ్లు వెళ్లాక, వద్దంటున్న మీ అమ్మమ్మను ఒక స్టూలు మీద బలవంతంగా కూర్చోబెట్టాను. కాలు బిగించిన చోట పలక పొరలుగా విడిపోయింది. తరువాత ముక్కలు ఏరుతుంటే ఒక ఎర్ర తునక గులకరాయిలా నా వేలికి ఊడివచ్చింది. గ్రైండర్ కోసిన అంచు ఇంకా పదునుగానే ఉంది.

అమ్మమ్మ కుడి మణికట్టు వంకరపోయింది బావి దగ్గర జారిపడి అని కదా నువ్వు విన్నది? అలా చెప్పమన్నది ఆవిడే. నా వ్యాపారానికి చెడ్డపేరు వస్తుందని మీ అమ్మకు కూడా చెప్పనివ్వలేదు.

కనుక అడుగున త్రికోణంలో 2 అని ఉన్నది, అంటే ఆ డబ్బా జాతి, ఒక సంచిలో, 5 అని ఉన్నది, అంటే ఆ మూత జాతి, వేరొక సంచిలో వెయ్యి. రెండూ కరిగే వేడి ఇచ్చినా అవి ఒకదానితో ఒకటి గట్టిగా అతకవు. గుర్తు లేనిదాన్ని, ఎంత ముచ్చటైన రంగైనా, కుర్చీకి వాడవద్దు. 2010లో అమెరికాలో కుర్చీలు చేసే ఎమెకో వారు కోకాకోలాతో కలిసి ఒక్కొక్కదానికి 111 ప్లాస్టిక్ సీసాల చొప్పున కరిగించి చేసిన కుర్చీలో కూడా బలానికి గాజు పోగులు కలిపారు.

మ్యూజియంలో అయితే తాడు కడతారు. ఇంట్లో కుర్చీ కనబడితే మనవాళ్లు అడగకుండా కూర్చుంటారు. నీ ప్రదర్శనకు అందం అదే, నా భయమూ అదే. ప్లాస్టిక్ వెంటనే విరగకపోయినా బరువు కింద రోజుల తరబడి మెల్లగా వంగుతుంది కాబట్టి, ఒక్కొక్క కుర్చీ మీద 25 కిలోల బియ్యం బస్తాలు నాలుగు పెట్టి మూడు రోజులు ఉంచి, వంపు కొలిచి చూడు. బస్తాలు నేనే తెస్తాను. ‘మామయ్యా, ఇది నా ప్రదర్శన’ అని మూతి ముడవకు.

అన్నట్టు, నీ రంగులకు నప్పదని అమ్మమ్మ పడకకుర్చీని అటక ఎక్కించావట. దాన్ని దించి, తుడిచి, గుమ్మం పక్కన వేయించు.