ముందు ఉండలు విప్పు, శాతం సంగతి తర్వాత

చిరంజీవి అమ్మలుకి పెదనాన్న ఆశీస్సులు.

నీ మెయిల్ చదివాను. సహజ రబ్బరు, పాలీప్రొపిలీన్ మిశ్రమంలో కార్బన్ నానోట్యూబులు (అతి సన్నని కార్బన్ గొట్టాలు) ఒక శాతం నుంచి ఐదుకి పెంచితే బలం ఇంకా తగ్గిందని టెన్షన్ పడుతున్నావు. రబ్బరుకి బలమిచ్చే నల్లపొడి, కార్బన్ బ్లాక్‌తో నేనూ ఇదే తప్పు చేశాను. హార్డ్‌నెస్ రాలేదని ఇంకో పది పీహెచ్ఆర్ (వంద పాళ్ల రబ్బరుకి ఎన్ని పాళ్లన్న లెక్క) దూర్చితే మిల్లు మీదే వేడెక్కి కాంపౌండంతా స్కార్చ్ అయింది, అంటే అచ్చులో పెట్టకముందే గట్టిపడిపోయింది. ఆ రోజు తిన్న తిట్లు ఇంకా గుర్తే.

ముందు తెగిన ముక్కని మైక్రోస్కోపు కింద పెట్టి చూడు. నల్లటి ఉండలు కనిపిస్తే చీలిక వాటి దగ్గరే మొదలై ఉంటుంది. ఈ గొట్టాల మందం పది నానోమీటర్ల లెక్కలో, పొడవు మైక్రాన్లలో ఉంటుంది కాబట్టి జుట్టులా చిక్కుపడి వస్తాయి. చిక్కు తియ్యాలి, కానీ మరీ గట్టిగా దువ్వితే వెంట్రుకలు తెగినట్టే మిక్సర్ అతిగా తిప్పితే ఇవీ తెగి పొట్టివవుతాయి.

మీ పెద్దమ్మ శనగపిండిని ఒకేసారి నీళ్లలో పొయ్యదు. కొంచెం నీళ్లతో గట్టిగా కలిపి, ఉండలు పోయాక జారుగా చేస్తుంది. నువ్వూ అంతే. చల్లని టూ రోల్ మిల్లు (రెండు రోలర్ల మధ్య రబ్బరుని నలిపే యంత్రం) మీద గొట్టాల్ని రబ్బరులో చిక్కగా కలిపి మాస్టర్‌బ్యాచ్ చేసుకో. చల్లగా ఉన్న రబ్బరు గట్టిగా ఉంటుంది కాబట్టి ఒరిపిడి బాగా పడి ఉండలు విడతాయి. తర్వాత దాన్ని కరిగిన పాలీప్రొపిలీన్ (పీపీ)లో వెయ్యి. పీపీ కరగాలంటే 165 డిగ్రీలు దాటాలి, రబ్బరేమో 200 దగ్గర ఎక్కువసేపు ఉంటే చెడుతుంది. 180 చుట్టుపక్కల త్వరగా ముగించు. రెండూ కలవనంటే మాలియిక్ అన్‌హైడ్రైడ్ తగిలించిన పీపీ కొద్దిగా వేసి చూడు.

ఇంకో సంగతి. గొట్టాలు రెండు పాలిమర్లలో సమానంగా సర్దుకోవు. పాలీకార్బొనేట్, ఏబీఎస్ అనే రెండు ప్లాస్టిక్‌ల మిశ్రమంలో ఎక్కువగా పాలీకార్బొనేట్ వైపే పోతాయి. నీ దాంట్లో ఎటు పోయాయో ఊహించకు, టీఈఎం (ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు) ఫొటో తీయించు. కరెంటు పారాలంటే ఇది మరీ ముఖ్యం. అవి ఒకే పాలిమర్‌లో చేరి, ఆ పాలిమర్ తెగకుండా అల్లుకుని ఉంటే తక్కువ గొట్టాలతోనే దారి పడుతుంది. కరిగించి అచ్చులోకి తోసే ఇంజెక్షన్ మౌల్డింగ్‌లో గొట్టాలు పారకం వైపు తిరిగిపోతాయి కాబట్టి, అచ్చులో నొక్కి చేసిన కంప్రెషన్ షీటులో వచ్చిన కరెంటు రీడింగ్ అందులో రాకపోవచ్చు.

రబ్బరుని గంధకంతో క్యూర్ చేస్తుంటే (గట్టిపరుస్తుంటే), అది ఎంతసేపట్లో అవుతుందో కొలిచే రియోమీటర్ మళ్లీ నడుపు. క్యూర్‌ని వేగం చేసే యాక్సిలరేటర్‌ని గొట్టాలు కొంత పట్టేసుకుంటాయి. పాత క్యూర్ టైమ్ నమ్ముకోకు.

గొట్టాల పొడిని మాత్రం హుడ్ (గాలి లాగేసే పెట్టె)లోనే తూకం వెయ్యి. ముక్కుకి చున్నీ కడితే చాలదు. 2014లో అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ నిపుణులు వీటిలో ఒక రకాన్ని క్యాన్సర్ కలిగించే అవకాశమున్న జాబితాలో పెట్టారు. మిగతా రకాల మీద సాక్ష్యం చాలలేదన్నారు. చాలలేదంటే ఏమీ కాదని కాదు. వీలైతే రెడీమేడ్ మాస్టర్‌బ్యాచ్ గుళికలే కొనిపించుకో.

ఈసారి ఒక శాతంతోనే చేసి, టార్క్ (తిప్పే బలం) గ్రాఫు, తెగిన ముక్క ఫొటో రెండూ పంపు.

ఇట్లు,
పెదనాన్న