ఎక్కువ కోడ్ రాసిన మనిషి మీదే ఫిర్యాదు వస్తే ప్రవర్తనా నియమావళిని ఎలా అమలు చేయాలి?

మీ ప్రశ్న నాకు అర్థమైనంతవరకు ఇది: మీ ఓపెన్ సోర్స్ (కోడ్‌ను అందరూ చూసి, వాడి, మార్చుకోగల) ప్రాజెక్టులో కాంట్రిబ్యూటర్ కవనెంట్ అనే ప్రవర్తనా నియమావళిని పెట్టుకున్నారు, ఇప్పుడు కోడ్‌లో సగానికి పైగా రాసిన వ్యక్తి మీదే దురుసుగా మాట్లాడారని ఫిర్యాదు వచ్చింది, ఆయన వెళ్లిపోతే ప్రాజెక్టు మూతపడుతుందని కొందరు, ఆయనను తీసేయాల్సిందేనని కొందరు అంటున్నారు. నిర్ణయాన్ని బయటపెట్టాలా వద్దా అని కూడా అడిగారు. విజయనగరం, శ్రీకాకుళం మిత్రులం కలిసి నడుపుతున్న ఒక చిన్న ప్రాజెక్టులో దాదాపు ఇదే పరిస్థితి వచ్చింది కనుక, ఆ అనుభవంతో జవాబు రాస్తున్నాను.

నా దృష్టిలో నియమావళిలో ఏం రాసి ఉందన్నది రెండో విషయం. ఫిర్యాదు ఎవరికి అందుతుంది, అందుకున్నవారికి ప్రాజెక్టులో అందరికంటే పలుకుబడి ఉన్న మనిషి మీద కూడా నిర్ణయం తీసుకునే అధికారం ఉందా అన్నదే మొదటి విషయం. కాంట్రిబ్యూటర్ కవనెంట్‌ను 2014లో కొరలైన్ అడా ఎమ్కే రూపొందించారు. వేలాది ప్రాజెక్టులు దాన్ని తీసుకున్నాయి. ఫిర్యాదు పంపవలసిన చిరునామా కోసం అందులో ఒక ఖాళీ వదిలి ఉంటుంది. ఆ ఖాళీని నింపకుండా బ్రాకెట్లతో సహా అలాగే అతికించుకున్న రిపాజిటరీలు (ప్రాజెక్టుల కోడ్ ఉంచే చోట్లు) నాకు చాలా కనిపించాయి. మీ ఫైలు కూడా ఒకసారి తెరిచి చూసుకోండి.

మాది పాత అను ఫాంట్లలో టైపు చేసిన తెలుగును యూనికోడ్‌లోకి, అంటే ఏ కంప్యూటర్‌లోనైనా చదవగలిగే ప్రమాణ రూపంలోకి, మార్చే కన్వర్టర్. ఆ ఫాంట్లలో తెలుగు అక్షరాల ముక్కలు ఇంగ్లీషు అక్షరాల స్థానాల్లో ఉంటాయి కాబట్టి, ఫాంటు లేని కంప్యూటర్‌లో ఫైలు తెరిస్తే అర్థం లేని గుర్తులే కనిపిస్తాయి. ఇటువంటి పనికి ప్రోగ్రామర్ల కంటే డీటీపీ ఆపరేటర్ల సాయమే ఎక్కువ కావాలి, ఎందుకంటే అసలైన ఫైళ్లు వారి దగ్గరే ఉంటాయి. శ్రీకాకుళంలో ఏడు రోడ్ల జంక్షన్ దగ్గర ఒక ప్రెస్సులో పనిచేసే ఆపరేటర్ కొన్ని శుభలేఖల ఫైళ్లు జతచేసి, “ర వత్తులన్నీ పక్కకెలిపోతన్నాయండి, ఏటి సెయ్యాలో తెల్డం నేదు” అని బగ్ (ప్రోగ్రామ్‌లో లోపం) గురించి రాశారు. కన్వర్టర్‌లో ప్రధాన భాగమంతా రాసిన మా సీనియర్ మెయింటైనర్ (ప్రాజెక్టు నిర్వహణ చూసేవారు) దాని కింద, “ముందు దీన్ని తెలుగులోకి కన్వర్ట్ చేసి పంపండి” అని జవాబు పెట్టారు. నలుగురైదుగురు నవ్వు బొమ్మలు తగిలించారు. గిడుగు రామమూర్తి పుట్టిన జిల్లా మనిషి రాసిన మాటను చూసి, తెలుగు కోసం పనిచేస్తున్నామనుకునేవాళ్లే నవ్వడం నాకు ఇప్పటికీ మింగుడుపడదు.

ఆపరేటర్ ఫిర్యాదు చేయలేదు, రావడం మానేశారు అంతే. ఫిర్యాదు రాసింది రాజాం నుంచి మా ప్రాజెక్టుకు ప్యాచ్‌లు (కోడ్ సవరణలు) పంపే ఒక విద్యార్థిని. మాట పడిన మనిషే ఫిర్యాదు చేయాలి గానీ మధ్యలో ఈ అమ్మాయికేమిటని కొందరు అడిగారు. ఆ వాదనతో నేను ఏకీభవించను; నొచ్చుకున్నవారిలో ఎక్కువమంది తగవుకు రారు, మౌనంగా తప్పుకుంటారు, కాబట్టి చూసినవారి ఫిర్యాదును తీసుకోకపోతే ఇటువంటివి ఎప్పటికీ లెక్కలోకి రావు.

నియమావళికి మేము సొంతంగా ఒక వాక్యం చేర్చి ఉంచాం: ఫిర్యాదు ఎవరి మీద వచ్చిందో వారు, వారితో కలిసి ఉద్యోగం చేసేవారు ఆ విచారణలో కూర్చోకూడదు. తగవు చెప్పే పెద్దమనిషి ఒక పక్షానికి వియ్యంకుడైతే, ఆయన ఎంత న్యాయంగా చెప్పినా రెండో పక్షం నమ్మదు. సీనియర్ స్వయంగా ఫిర్యాదులు విచారించే మా కమిటీలో సభ్యుడే కనుక ఆయన పక్కకు తప్పుకున్నారు. ఆ స్థానంలో, మా కోడ్‌తో ఏ సంబంధమూ లేని విజయనగరం లెక్చరర్ ఒకరిని కూర్చోమని కోరాం. ఈ వాక్యం లేకపోతే ఏమవుతుందో రస్ట్ అనే ప్రోగ్రామింగ్ భాష విషయంలో చూశాం. 2021 నవంబరులో నియమావళిని అమలు చేసే రస్ట్ మోడరేషన్ బృందం మొత్తం ఒకేసారి రాజీనామా చేసింది. ప్రాజెక్టును నడిపే కోర్ టీమ్ తనకు తాను తప్ప మరెవరికీ జవాబుదారీ కాకుండా ఉందన్నది వారు చెప్పిన కారణం. నియమావళి రస్ట్‌కు మొదటి నుంచీ ఉంది. పైవారి మీద దాన్ని అమలు చేసే దారే లేదు. చివరికి 2023లో కోర్ టీమ్ పోయి లీడర్‌షిప్ కౌన్సిల్ వచ్చింది.

సీనియర్ వాదన కూడా పూర్తిగా విన్నాం. తనకు వచ్చిన సందేశాలను ఆయన చూపించారు: “రేపటికల్లా సరిచేయండి”, “చేతకాకపోతే ఎందుకు పెట్టారు” వంటివి. ఆపరేటర్‌ను అన్న మాటకు అవి సమాధానం కావు గానీ, నియమావళి వాడకందార్లకూ వర్తించాలన్న ఆయన వాదన నిజం. ఫైళ్లను కుదించే ఎక్స్‌జెడ్ యుటిల్స్ అనే ప్రోగ్రామ్ ఉదంతం ఇందుకు చాలు. జీతం లేకుండా ఒంటరిగా దాన్ని నడుపుతున్న మెయింటైనర్ మీద 2022లో కొన్ని ఖాతాలు, పని నెమ్మదిగా సాగుతోందనీ మరొకరికి అప్పగించమనీ ఒత్తిడి పెట్టాయి. తన మానసిక ఆరోగ్యం బాగాలేదని ఆయన చెప్పుకున్నా వదల్లేదు. ఆ రోజుల్లో సాయం చేస్తానని దగ్గరై మెయింటైనర్ హోదా పొందిన ఖాతా నుంచే 2024లో 5.6.0, 5.6.1 వెర్షన్లలోకి బ్యాక్‌డోర్ (ఇతరుల కంప్యూటర్లలోకి దొంగచాటుగా చొరబడే దారి) వచ్చింది. ఎస్‌ఎస్‌హెచ్ (దూరం నుంచి మరో కంప్యూటర్‌లోకి వెళ్లే పద్ధతి) లాగిన్ సుమారు అర సెకను ఆలస్యమవుతోందని ఆండ్రెస్ ఫ్రాయిండ్ అనే ఇంజినీరు గమనించబట్టి అది బయటపడింది. అందుకే అటువంటి సందేశాలకు సీనియర్ స్వయంగా జవాబివ్వనక్కర్లేదని, కమిటీయే హెచ్చరించి అవసరమైతే ఆ ఖాతాను ఆపుతుందని అదే రోజు తీర్మానించాం.

ఇక శిక్ష సంగతి. మీవాళ్లు ఉంచాలా తీసేయాలా అని రెండే దారులు చూస్తున్నారు. కవనెంట్ 2.0 వెర్షన్‌లో దిద్దుబాటు, హెచ్చరిక, తాత్కాలిక నిషేధం, శాశ్వత నిషేధం అని నాలుగు మెట్లు ఉన్నాయి. మేము మొదటి మెట్టు దగ్గరే ఆగాం: ఏ మాట ఎందుకు తప్పో వివరిస్తూ సీనియర్‌కు ఉత్తరం రాశాం, తరువాతి విడుదల వరకు కొత్త బగ్‌లకు మొదటి జవాబు ఆయన ఇవ్వకూడదన్నాం. మెర్జ్ చేసే (ఇతరుల సవరణలను కోడ్‌లో కలిపే) హక్కు జోలికి పోలేదు, ఎందుకంటే ఫిర్యాదు ఆయన కోడ్ మీద కాదు. లైనక్స్ కెర్నెల్ (లైనక్స్ ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ) ప్రవర్తనా నియమావళి కమిటీ కూడా 2024 నవంబరులో బీక్యాష్‌ఎఫ్‌ఎస్ అనే ఫైల్ సిస్టమ్ డెవలపర్ పుల్ రిక్వెస్టులను (తన సవరణలను కలుపుకోమనే వినతులను) 6.13 విడుదల వరకే ఆపింది. గడువు ఉన్న శిక్షను మనిషి భరించగలడు, ప్రాజెక్టూ భరించగలదు.

ఆయన పోతే ఎలా అన్న భయానికి కూడా లైనక్స్‌లోనే జవాబు ఉంది. 2018 సెప్టెంబరులో లైనక్స్ సృష్టికర్త లైనస్ టోర్వాల్డ్స్ తన దురుసు మాటలకు క్షమాపణ చెప్పి కొంతకాలం పక్కకు తప్పుకున్నారు. అప్పుడే కెర్నెల్ కూడా కవనెంట్ ఆధారంగా తయారైన నియమావళిని స్వీకరించింది. మరో మెయింటైనర్ గ్రెగ్ క్రో హార్ట్‌మన్ చేతుల మీదుగా కెర్నెల్ 4.19 వెర్షన్ విడుదలైంది, అక్టోబరులో లైనస్ తిరిగి వచ్చారు. లైనస్ లేకుండానే లైనక్స్‌కు కొన్ని వారాలు గడిచాయి కనుక, మీ ప్రాజెక్టు మరొకరికి నేర్పే పని ఇప్పుడే మొదలుపెట్టవచ్చు. మా సీనియర్ అలిగి కొన్ని వారాలు కనిపించలేదు, తరువాత వచ్చి ర వత్తు బగ్‌ను ఆయనే సరిచేశారు. ఆ విద్యార్థినితో మాత్రం ఇప్పటికీ ముక్తసరిగానే మాట్లాడతారు. దాన్ని ఏ నియమావళీ సరిచేయలేదు.

నిర్ణయాన్ని బయటపెట్టడం గురించి: జరిగింది అందరి ముందు గనుక, నిర్ణయం జాడ కూడా అక్కడే ఉండాలి. ఆ జవాబును చెరిపేయకుండా దాచి, “ఈ వ్యాఖ్య మా నియమావళికి విరుద్ధం, కమిటీ చర్య తీసుకుంది” అని రాశాం. ఫిర్యాదు చేసినవారి పేరు, ఉత్తరంలోని వాక్యాలు బయటపెట్టలేదు. వ్యక్తిగత సందేశాల్లో జరిగిన విషయమైతే అంత కూడా అవసరం లేదు. ఫిర్యాదుదారుకు ఏం చేశారో రాతపూర్వకంగా తెలియజేస్తే చాలు.