‘తప్పు పెట్రోలు పోయించారు’ అంటే రుజువు చూపాల్సింది ఎవరు?

ప్రశ్న: మాది హైదరాబాదు, కొండాపూర్. 2024 నవంబరులో మా చిన్న ప్రైవేట్ లిమిటెడ్ కంపెనీ పేరున రెండు లీటర్ల టర్బో పెట్రోలు ఇంజన్ ఉన్న స్పోర్ట్స్ సెడాన్ ఒకటి కొన్నాను. షోరూం బిల్లు 58 లక్షలు. బండి నేనూ, మా ఇంట్లోవాళ్లూ వాడుకోవడానికే. బ్రోచరులో లీటరుకు 17 కిలోమీటర్లు అని ఉంటే, సిటీలో తొమ్మిది, ఔటర్ రింగ్ రోడ్డు మీద పద్నాలుగు మించి రావడం లేదు. కాలిఫోర్నియాలో ఇదే మోడల్ నడిపే మా తమ్ముడు ‘నేను 91 ఆక్టేన్ పెట్రోలు పోయిస్తాను, సరిపోతుంది’ అనడంతో ఇక్కడ మామూలు పెట్రోలే పోయిస్తూ వచ్చాను. గత నెల ఇంజన్ లైటు వెలిగి బండి లాగడం మానేసింది. నాలుగు ఇంజెక్టర్లూ, హై ప్రెషర్ పంపూ పోయాయనీ, 95 ఆక్టేన్ వాడకపోవడమే కారణమనీ, వారంటీ వర్తించదనీ చెప్పి సర్వీస్ సెంటర్ వాళ్లు 4 లక్షల 20 వేలు కట్టమంటున్నారు. మాన్యువల్‌లో మాత్రం 95 రాన్ సిఫారసు అనీ, కనీసం 91 రాన్ వాడవచ్చనీ, అప్పుడు శక్తి కొంత తగ్గుతుందనీ ఉంది. మైలేజీకీ మరమ్మతుకూ కలిపి కేసు వేయవచ్చా?

జవాబు: వినియోగదారుల కమిషన్‌లో వేయవచ్చు. అయితే మీరు ఒకే గాటన కట్టిన ఈ రెండు ఫిర్యాదుల బలం ఒకటి కాదు. వారంటీ నిరాకరణ మీద మీకు గట్టి కేసు ఉంది, మైలేజీ మీద ఉన్నది చాలా పలచని కేసు. రెండింటినీ సమానంగా ముందు పెడితే పలచనిది గట్టిదాన్ని కూడా బలహీనపరుస్తుంది కాబట్టి, మరమ్మతు సంగతినే ఫిర్యాదుకు వెన్నెముకగా చేసుకోండి.

ముందుగా మీ తమ్ముడు చెప్పిన 91 గురించి ఒక మాట చెప్పాలి, ఎందుకంటే ఇదే అంకెను ఎదుటి పక్షం న్యాయవాది మీ మీద వాడుకునే అవకాశం ఉంది. మన దేశంలోనూ, యూరప్‌లోనూ పెట్రోలు ఆక్టేన్‌ను, అంటే సమయానికి ముందే అంటుకోకుండా తట్టుకునే గుణాన్ని, రాన్ అనే పద్ధతిలో చెబుతారు. అమెరికా బంకుల మీద కనిపించే అంకె రాన్, మాన్ అనే రెండు పరీక్షల ఫలితాల సగటు, అందువల్ల అదే పెట్రోలుకు అక్కడ నాలుగైదు అంకెలు తక్కువ కనిపిస్తుంది. కాలిఫోర్నియాలో ప్రీమియంగా అమ్మే 91 మన లెక్కలో దాదాపు 95 రాన్‌కు సమానం. కాబట్టి మీ తమ్ముడు పోయించేది సిఫారసు చేసిన ఇంధనం, మీరు పోయించినది కూడా ఆ కంపెనీయే అనుమతించిన ఇంధనం. ఫిర్యాదులో తమ్ముడి సలహా ప్రస్తావన అసలు తేవద్దు. మీరు మాన్యువల్ చూసి, దాని హద్దుల్లోనే వాడారన్నదే మీ వాదన కావాలి.

ఇంతకూ ఆ హద్దులు ఏమంటున్నాయి? ‘సిఫారసు’కూ ‘తప్పనిసరి’కీ చట్టంలో చాలా దూరం ఉంది. కంపెనీ తన చేత్తో ‘కనీసం 91 వాడవచ్చు, శక్తి తగ్గుతుంది’ అని రాసినప్పుడు, 91 వాడిన యజమాని ఒప్పుకున్న నష్టం శక్తిలో తగ్గుదల మాత్రమే, వారంటీ పోగొట్టుకోవడానికి అతను ఒప్పుకోలేదు. వారంటీ పుస్తకంలో మినహాయింపుల పేజీ తీసి, ఇంధనం గురించిన వాక్యాన్ని అక్షరం అక్షరం చదవండి. ‘అనుమతించని ఇంధనం’ అని ఉంటే మీరు వాడినది అనుమతించిన ఇంధనమే. పదాలు రెండు అర్థాలకు తావిచ్చేలా ఉంటే, వాటిని రాసిన పక్షానికి వ్యతిరేకంగానే అర్థం చెప్పుకోవాలన్నది ఒప్పందాల విషయంలో కోర్టులు చిరకాలంగా పాటిస్తున్న సూత్రం. అచ్చు వేసిన ఒప్పందంలో ఒక్క పదమైనా మార్చే వీలు కొనుగోలుదారుకు లేదు కాబట్టి ఈ సూత్రాన్ని నేను మనస్ఫూర్తిగా సమర్థిస్తాను.

ఇంకో ముఖ్యమైన సంగతి, వాళ్లు చెప్పిన కారణానికీ పోయిన భాగాలకూ పొంతన కుదరడం లేదు. ఆక్టేన్ అంటే ఇంధనం సమయానికి ముందే అంటుకుని ఇంజన్‌లో నాకింగ్ రాకుండా తట్టుకునే గుణం. అది తక్కువైతే నాక్ సెన్సర్ ఇగ్నిషన్‌ను (నిప్పురవ్వ పడే సమయాన్ని) కొంత ఆలస్యం చేస్తుంది, పికప్ తగ్గుతుంది, మైలేజీ కొంత పడిపోతుంది, నాకింగ్ మితిమీరితే పిస్టన్లు దెబ్బతింటాయి. ఇంజెక్టర్లు పూడుకుపోవడానికీ, పంపు అరిగిపోవడానికీ సాధారణంగా కారణమయ్యేవి నీరు, మలినాలు, కల్తీ, లేదా ఆ భాగంలోనే ఉన్న తయారీ లోపం. ఈ తేడాను ఒక మెకానికల్ ఇంజనీరు చేత రెండు పేజీల అభిప్రాయంగా రాయించి, అఫిడవిట్‌తో జతచేయండి.

రుజువు భారం విషయానికి వస్తే, భారతీయ సాక్ష్య అధినియమం 104వ సెక్షన్ చెప్పే సూత్రం సరళమైనది: ఒక విషయం ఉందని చెప్పేవారే దాన్ని నిరూపించాలి. వినియోగదారుల కమిషన్లు సివిల్ కోర్టులంత కచ్చితంగా సాక్ష్య చట్టాన్ని పాటించకపోయినా ఈ సూత్రాన్ని పాటిస్తాయి. వారంటీ కాలంలోనే భాగాలు పనిచేయడం మానేశాయనీ, సర్వీసులన్నీ సమయానికి చేయించాననీ జాబ్ కార్డులతో చూపడం మీ పని. అది చూపాక, ‘మినహాయింపు వర్తిస్తుంది, ఇంధనమే కారణం’ అని నిరూపించాల్సింది వాళ్లు. అందుకని ముందు వాళ్ల నిరాకరణను కాగితం మీదికి రప్పించండి. ఏ పరీక్ష చేసి ఈ నిర్ధారణకు వచ్చారు, ట్యాంకులోని పెట్రోలు నమూనా ఏ ల్యాబుకు పంపారు, ఇంజన్ కంప్యూటర్‌లో నమోదైన ఫాల్ట్ కోడ్లు ఏవి, వారంటీలోని ఏ షరతు కింద నిరాకరిస్తున్నారు అని డీలరుకూ, తయారీ కంపెనీకీ కలిపి ఈమెయిలు రాయండి. జవాబు రాకపోతే ఆ మౌనమూ మీ సాక్ష్యమే.

ఈ మెయిలు అందాక వాళ్లు మాట మార్చి ఆక్టేన్ వదిలి ‘కల్తీ’ అనవచ్చు. దానికీ సిద్ధంగా ఉండండి. యూపీఐ, కార్డు చెల్లింపుల్లో ఏ రోజు ఏ బంకులో పోయించారో తెలిసిపోతుంది, ఆ పట్టిక తయారు చేసుకోండి. బంకులో ఫిల్టర్ పేపర్ పరీక్ష, డెన్సిటీ పరీక్ష అడిగి చేయించుకునే వీలు ప్రతి వినియోగదారుకూ ఉంది. బంకులో నమోదైన డెన్సిటీకీ, కొలిచినదానికీ ఘనమీటరుకు 3 కిలోలకు మించి తేడా వస్తే అనుమానించాల్సిందే. నిజంగానే కల్తీ అని తేలితే బంకునూ, దానికి సరఫరా చేసే ఆయిల్ కంపెనీనీ ప్రతివాదులుగా చేర్చాలి. ఇథనాల్ 20 శాతం కలిపిన పెట్రోలే (ఈ20) కారణమని అంటే, పెట్రోలు ట్యాంకు మూత దగ్గర ఉన్న స్టిక్కరు ఫొటో తీసుకోండి. వాహనం ఎంత ఇథనాల్‌ను తట్టుకుంటుందో తయారీదారు నిర్ణయించి, కనిపించేలా అతికించాలని 2021 మార్చిలోనే కేంద్రం నోటిఫికేషన్ ఇచ్చింది. ఈ20 అని తామే అతికించి, దేశమంతా మామూలుగా అమ్ముతున్న ఇంధనాన్ని తప్పు పట్టే అవకాశం వాళ్లకు ఉండదు.

ఫిర్యాదు ముసాయిదాలో చాలామంది చేసే పొరపాటు ఒకటుంది. 2019 వినియోగదారుల రక్షణ చట్టంలో ‘ఉత్పత్తి బాధ్యత’ (లోపమున్న వస్తువు వల్ల కలిగిన హానికి పరిహారం) అనే అధ్యాయం ఆకర్షణీయంగా కనిపిస్తుంది కానీ, 2(22) సెక్షన్‌లోని ‘హాని’ నిర్వచనం ఆ వస్తువుకే జరిగిన నష్టాన్ని స్పష్టంగా మినహాయించింది. మీ నష్టం బండికే జరిగింది. కాబట్టి ఆ అధ్యాయం జోలికి పోకుండా వస్తువులో లోపం, సేవలో లోపం, అనుచిత వ్యాపార విధానం అనే మూడు ఆధారాల మీద ఫిర్యాదు నిర్మించాలి. లోపం తేలాలంటే పరీక్ష అవసరమని భావిస్తే, 38వ సెక్షన్ కింద కమిషనే నమూనాను ల్యాబుకు పంపి, 45 రోజుల్లో నివేదిక తెప్పించుకోగలదు. దాని ఖర్చు మొదట మీరు డిపాజిట్ చేయాల్సి ఉంటుంది.

ఇక మైలేజీ. బ్రోచరు అంకె మన రోడ్ల మీద వచ్చింది కాదు. ల్యాబులో రోలర్ల మీద, ఏసీ ఆపి, సుమారు 20 నిమిషాలు, గరిష్ఠంగా గంటకు 90 కిలోమీటర్లు, సగటున 32 కిలోమీటర్ల వేగంతో నడిపి రాబట్టినది. ‘ప్రామాణిక పరీక్షా పరిస్థితుల్లో’ అనే మాట బ్రోచరులో ఏ మూలనో ఉండి తీరుతుంది, చూడండి. హైటెక్ సిటీ సిగ్నళ్ల దగ్గర ఏసీ వేసుకుని నిలిచే టర్బో ఇంజన్ తొమ్మిది ఇవ్వడం లోపానికి రుజువు కాదు. ఔటర్ మీద పద్నాలుగు రావడమైతే మీ వాదనకు ఎదురుగానే పనిచేస్తుంది. ఇథనాల్ వల్ల తగ్గుదల నిజమే. 10 శాతం ఇథనాల్ పెట్రోలుకు (ఈ10) తయారై ఈ20కి సర్దుబాటు చేసిన కార్లలో 1 నుంచి 2 శాతం, పాత కార్లలో 6 నుంచి 7 శాతం అని నీతి ఆయోగ్ 2021 నాటి నివేదికే అంచనా వేసింది. అయితే ఇథనాల్ లేని పెట్రోలు కూడా అందుబాటులో ఉంచాలని వేసిన ప్రజాప్రయోజన వ్యాజ్యాన్ని సుప్రీంకోర్టు 2025 సెప్టెంబరు 1న కొట్టివేసింది కాబట్టి ఆ దారి మూసుకుంది. మైలేజీ కేసులు గెలవవని కాదు. 2022లో త్రిసూర్ జిల్లా కమిషన్, ప్రకటనలో లీటరుకు 32 కిలోమీటర్లు అని చెప్పిన ఒక డీజిల్ కారు నిపుణుడి పరీక్షలో 19.6 మాత్రమే ఇవ్వడంతో యజమానురాలికి సుమారు 3 లక్షల పరిహారం ఇప్పించింది. అక్కడ గెలిపించింది కమిషన్ నియమించిన నిపుణుడు రోడ్డు మీద చేసిన పరీక్షే. యజమాని డైరీ లెక్కలతో అలాంటి తీర్పు ఆశించలేం. మీరు మైలేజీని వారంటీ కాలంలో ఇంజన్ ఆరోగ్యం దెబ్బతిన్నదనడానికి ఒక సూచనగా రెండు పేరాల్లో చెప్పి వదిలేయండి.

బిల్లు కంపెనీ పేరున ఉందని భయపడకండి. డైరెక్టరు సొంత వాడకం కోసం కంపెనీ కొన్న కారు ‘వాణిజ్య ప్రయోజనం’ కిందికి రాదని 2024 జులైలో సుప్రీంకోర్టు ఒక విలాస కారు కేసులోనే చెప్పింది. కంపెనీ కూడా ఫిర్యాదుదారే కాబట్టి బోర్డు తీర్మానం ఒకటి జతచేయండి. చెల్లించిన ధర 50 లక్షలు దాటి 2 కోట్ల లోపు ఉంది కనుక మీ ఫిర్యాదు జిల్లా కమిషన్‌లో కాక తెలంగాణ రాష్ట్ర కమిషన్‌లో పడాలి, రుసుము 2 వేల రూపాయలు. వినియోగదారుల కమిషన్ల ఈ-జాగృతి పోర్టల్ ద్వారా ఇంటి నుంచే దాఖలు చేయవచ్చు. గడువు, ఫిర్యాదుకు కారణం తలెత్తిన రోజు నుంచి రెండేళ్లు. మరమ్మతుకు ఆ రోజు గత నెలదే అయినా, మైలేజీకి కొన్న తేదీ నుంచే లెక్కిస్తారని అనుకుని 2026 నవంబరు లోపే పని పూర్తిచేయండి.

బండి లేకుండా నెలలు గడవడం కష్టమే. డబ్బు కట్టి బాగు చేయించుకోవాల్సివస్తే బిల్లు మీద ‘వారంటీ హక్కులు వదులుకోకుండా, అభ్యంతరంతో చెల్లిస్తున్నాను’ అని రాసి సంతకం చేయండి. అంతకంటే ముందు, విప్పిన ఇంజెక్టర్లూ పంపూ పారేయకుండా, సీల్ చేసి మీకు అప్పగించాలని ఈ వారంలోనే రాతపూర్వకంగా అడగండి. రేపు ల్యాబుకు పంపడానికి కమిషన్ ఎదుట ఉండాల్సింది ఆ భాగాలే.