తలలో మిషన్ పెట్టించుకోబోయే మా అబ్బాయికి

నాన్నా,

ఆపరేషన్ తారీఖు ఖాయమైందని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నీకంటే తనకే భయంగా ఉన్నట్టుంది. నా తలలో ఈ ఆర్‌ఎన్‌ఎస్ (ఫిట్ మొదలవడం పసిగట్టి, మెదడులోకి పెట్టిన వైర్ల ద్వారా చిన్న కరెంటు ఇచ్చి ఆపడానికి చూసే మిషన్) పెట్టి ఆరేళ్లయింది కాబట్టి నాలుగు ముక్కలు రాస్తున్నాను.

జుట్టు గురించి బెంగపడకు. వెంకన్నకి మొక్కిన తలనీలాల్లో సగం హాస్పిటల్ వాళ్లే తీసేసుకున్నారని మీ పెదనాన్న నన్ను ఏడిపించేవారు. పుర్రె ఎముకలోనే చోటు చేసి పెడతారు కాబట్టి పైకి కనబడదు.

కానీ ఇంటికి రాగానే ఫిట్స్ ఆగిపోతాయనుకోకు. మొదట్లో అది ఊరికే చూస్తూ, నీ ఫిట్ ఎలా మొదలవుతుందో రికార్డ్ చేసుకుంటుంది. ఆ గీతలు చూశాకే డాక్టరు కరెంటు ఆన్ చేస్తారు. ఆ తర్వాత కూడా సెట్టింగులు మారుస్తూనే ఉంటారు. రోజుకి వందలసార్లు కరెంటు ఇచ్చినా నీకు తెలియను కూడా తెలియదు. ట్రయల్స్‌లో సగం మందికి ఫిట్స్ మొదటి ఏడాదికి 44 శాతం లేదా అంతకంటే ఎక్కువ తగ్గాయి, తొమ్మిదేళ్లకి 75 శాతం. నాకైతే ఏడాదిన్నర దాకా పెద్ద తేడా తెలియలేదు. తీయించేస్తానని గొడవ కూడా పెట్టుకున్నాను. ఇప్పుడు తలుచుకుంటే సిగ్గేస్తుంది. మాత్రలు మాత్రం డాక్టరు చెప్పేదాకా మానకు. నిద్ర చెడగొట్టుకోకు.

రోజూ రాత్రి వాండ్ (మిషన్‌లోని రికార్డులు చదివే చేతి పరికరం) తల మీద పెట్టి రికార్డులు ల్యాప్‌టాప్‌లోకి దింపుకో. దాని మెమరీ చిన్నది, నిండితే పాతవాటి మీద కొత్తవి పడతాయి. ఓ పెళ్లి హడావిడిలో రెండు వారాలు బద్ధకించాను. డాక్టరు చూడాల్సిన పెద్ద ఫిట్టే చెరిగిపోయింది.

ఇక మిషన్‌తో పాటు ఇచ్చే మాగ్నెట్. మన ఊళ్లో ఫిట్స్ వస్తే చేతిలో తాళాల గుత్తి పెట్టేవాళ్లు కదా, మీ అమ్మ దీన్నీ అలాంటిదే అనుకుంటుంది. దాంతో ఫిట్ ఆగదు. ఒక్కసారి తల మీదుగా రాస్తే ఆ సమయంలో ఏదో జరిగిందని రికార్డ్ అవుతుంది, అంతే. అక్కడే పట్టుకుని ఉంచితే పట్టుకున్నంతసేపూ కరెంటు ఇవ్వడం ఆగిపోతుంది! ఈ మాట తనకి రెండుసార్లు చెప్పు. ఫిట్ వస్తే పక్కకి తిప్పి పడుకోబెట్టి టైము చూడమను. ఐదు నిమిషాలు దాటితే 911.

ఇండియా వెళ్లినప్పుడు మరీ జాగ్రత్త. విజయవాడలో మోకాలి నొప్పికి ఫిజియోథెరపీకి వెళ్తే, అక్కడి కుర్రాడు ఏదో మిషన్ దగ్గరికి లాగాడు. పేరడిగితే డయాథర్మీ అన్నాడు, అంటే తరంగాలతో ఒంటి లోపల వేడి పుట్టించే చికిత్స. లేచి వచ్చేశాను. దాని వేడి వైర్ల వెంట మెదడులోకి పోతుంది. మోకాలికే కదా అన్నా సరే, ఒప్పుకోకు. ఎంఆర్‌ఐ అంటే ముందు నీ మోడల్‌కి పనికొస్తుందో లేదో కనుక్కో. మిషన్ వివరాలున్న కార్డు ఎప్పుడూ పర్సులోనే ఉండాలి.

బ్యాటరీ అయిపోతే మళ్లీ తల కోస్తారా అని అడిగావట. కోస్తారు, కానీ పైచర్మమే. పెట్టె మారుస్తారు, వైర్లు మామూలుగా కదపరు.

నేను రెండు వారాలు సెలవు పెట్టి వస్తున్నాను. ఈలోగా మెత్తటి నూలు టోపీ ఒకటి కొనిపెట్టుకో. ఉన్నిది వద్దు, కుట్లకి పట్టుకుంటుంది.

మీ పెద్దమ్మ